‘మా ఎంపీ’ లేని పార్లమెంటు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో రాజ్యసభ ఎన్నికల గురించి రాస్తూ దామాషా ప్రాతినిధ్యం (వచ్చిన ఓట్ల నిష్పత్తిలో పార్టీలకు సీట్లు పంచడం) అనే మాటను రెండు వాక్యాల్లో తేల్చేశాం. అది పాఠకులకు సరిపోలేదు. ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలే ఎక్కువగా ఉన్నందున ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాం. ఉత్తరాలను కొంత కుదించాం. పేర్లు వేయవద్దని కొందరు కోరారు కనుక అందరికీ వృత్తి, ఊరు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ‘మీ ఊరి ఎంపీ ఎవరు నాయనా?’ అని అడిగితే ‘ఇక్కడ ఊరికో ఎంపీ ఉండడు నాన్నా’ అన్నాడు. పార్లమెంటు ఉండి, అందులో ఎంపీలు ఉండి, ఊరికి ఎంపీ లేకపోవడం ఎట్లా? పని పడితే జనం ఎవరి దగ్గరికి పోతారు?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ)

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. మన లోక్‌సభకు దేశాన్ని 543 నియోజకవర్గాలుగా విడగొట్టి, ఒక్కోచోట అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కరిని గెలిచినట్టు ప్రకటిస్తాం. నెదర్లాండ్స్ దిగువ సభలో 150 స్థానాలున్నాయి. వాటి లెక్క తేల్చేటప్పుడు దేశమంతా కలిపి ఒకే నియోజకవర్గం. పోలైన ఓట్లను 150తో భాగిస్తే ఒక సీటుకు ఎన్ని ఓట్లు కావాలో తేలుతుంది. 2023 నవంబరు ఎన్నికల్లో అది సుమారు 70 వేలు. పార్టీలు అభ్యర్థుల జాబితాలను వరుస క్రమంలో ముందే ప్రకటిస్తాయి, వచ్చిన ఓట్ల దామాషాలో ఒక్కో జాబితాకు సీట్లు దక్కుతాయి. మనకు వరుసలో నిలబడి యంత్రంపై మీట నొక్కడం అలవాటు. అక్కడ దుప్పటంత కాగితం మీద ఎర్ర పెన్సిలుతో ఒక అభ్యర్థి పేరు పక్కన గడి నింపుతారు. ఆ ఓటు ముందుగా పార్టీ ఖాతాలో పడుతుంది. అయితే ఆ పేరుకే సొంతంగా ఒక సీటు విలువలో నాలుగో వంతు ఓట్లు వస్తే, పార్టీ ఆ మనిషిని జాబితాలో ఎంత కింద పెట్టినా సరే, పార్టీకి వచ్చిన సీట్లలో ఒకటి ముందుగా ఆ మనిషికి ఇవ్వాలి.

ఇక పని పడితే ఎవరి దగ్గరికి పోతారన్నది మీ ప్రశ్నలో అసలు కీలకం. పింఛను, రోడ్డు, బడి వంటి పనులకు అక్కడ పురపాలక మండలి, స్థానిక అధికారులు ఉంటారు. పార్లమెంటు సభ్యుడి ఇంటి ముందు అర్జీలు పట్టుకొని నిలబడే అలవాటు మన దగ్గరున్నంత లేదు. జాబితా పద్ధతే ఉన్న దక్షిణాఫ్రికాలో ఈ లోటు తెలిసి, పార్టీలే తమ సభ్యులకు తలా ఒక ప్రాంతాన్ని అప్పగించి, అక్కడ కార్యాలయాలు తెరిపిస్తున్నాయి. కానీ ఆ ప్రాంతపు ఓటరు అతణ్ని గెలిపించిందీ లేదు, ఓడించగలిగేదీ లేదు. ‘వచ్చేసారి మా ఊరికి ఓట్లకు రాకపోతావా, అప్పుడు చూస్తాం’ అనే మన పల్లె బెదిరింపు జాబితా ఎంపీ మీద పారదు. ఈ పద్ధతికి చెల్లించే మూల్యం ఇదేనని మా అభిప్రాయం. దానికి బదులు దక్కేదేమిటో తర్వాతి ప్రశ్నలో చూడండి.

ప్రశ్న: 2024లో మా మహబూబ్‌నగర్ సీటు నాలుగున్నర వేల ఓట్ల తేడాతో తేలింది. పక్కనున్న నల్లగొండలో తేడా ఐదున్నర లక్షలు దాటింది. రెండుచోట్లా గెలిచింది ఒక్కొక్కరే. ఓడిన ఓట్లన్నీ ఏమైనట్టు? దామాషా పద్ధతి ఉంటే తెలంగాణ లెక్క ఎట్లా ఉండేది?
(డిగ్రీ విద్యార్థిని, జడ్చర్ల)

జవాబు: ఓడిన ఓట్లు సీటు రూపంలో ఎక్కడా కనిపించవు. నల్లగొండలో గెలుపునకు అవసరమైన దానికంటే ఎక్కువగా వచ్చిన లక్షల ఓట్లదీ అదే దారి; ఆ మిగులు పక్క నియోజకవర్గానికి పనికిరాదు. ఎక్కువ ఓట్లు వచ్చినవారిదే గెలుపు అనే పద్ధతి స్వభావమే అది.

2024 లోక్‌సభ ఎన్నికల్లో రాష్ట్రంలోని 17 స్థానాల్లో కాంగ్రెస్‌కు ఎనిమిది, బీజేపీకి ఎనిమిది, మజ్లిస్‌కు ఒకటి వచ్చాయి. ఓట్లు చూస్తే కాంగ్రెస్‌కు సుమారు 40 శాతం, బీజేపీకి 35 శాతం, బీఆర్‌ఎస్‌కు 16.7 శాతం, మజ్లిస్‌కు 3 శాతం. అంటే ప్రతి ఆరుగురు ఓటర్లలో ఒకరు ఎంచుకున్న పార్టీకి ఒక్క సీటూ రాలేదు; ఓట్లన్నీ పాతబస్తీలో కుదురుగా ఉన్న 3 శాతం పార్టీకి మాత్రం ఒకటి వచ్చింది. ఇది ఒక్కసారి జరిగిన వింత కాదు. 2019లో ఇదే రాష్ట్రంలో కాంగ్రెస్‌కు దాదాపు 30 శాతం ఓట్లు, మూడు సీట్లు. బీజేపీకి 20 శాతంలోపు ఓట్లు, నాలుగు సీట్లు.

ఇప్పుడు మీరడిగిన లెక్క. చిన్న పార్టీలను, స్వతంత్రులను పక్కన పెడితే ఈ నాలుగు పార్టీలవి కలిపి సుమారు 95 శాతం ఓట్లు. దాన్ని 17తో భాగిస్తే ఒక సీటు విలువ దాదాపు 5.6 శాతం. కాంగ్రెస్‌కు నిండుగా ఏడు, బీజేపీకి ఆరు, బీఆర్‌ఎస్‌కు రెండు వస్తాయి. మిగిలిన రెండు సీట్లను, భాగహారంలో ఎవరి శేషం పెద్దదైతే వారికి ఇస్తే ఒకటి బీఆర్‌ఎస్‌కు, ఒకటి మజ్లిస్‌కు పోయి 7, 6, 3, 1 అవుతుంది. అయితే శేషం చూసే పద్ధతికి బదులు బెల్జియం గణితవేత్త డీహోంట్ పేరిట చాలా దేశాలు వాడే సూత్రం పెడితే మజ్లిస్‌కు సీటు రాదు, అది రెండు పెద్ద పార్టీల్లో ఒకదానికి పోతుంది. ఐదు శాతం దాటని పార్టీకి సీటే లేదని జర్మనీలో మాదిరి నిబంధన ఉన్నా అదే ఫలితం. దామాషా అన్నంత మాత్రాన లెక్క ఒక్కటే ఉండదని, ఏ సూత్రం, ఎంత కనీస శాతం అన్న చోటే పార్టీల అసలు బేరం నడుస్తుందని గమనించండి. ఇజ్రాయెల్ 3.25 శాతం పెట్టింది, స్వీడన్ 4, టర్కీ చాలాకాలం 10 పెట్టి 2022లో 7కు తగ్గించింది. జర్మనీలో 2025లో ఒక కొత్త పార్టీ 4.98 శాతం దగ్గర ఆగిపోయి మొత్తంగా సభకు దూరమైంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పద్ధతి మారితే ఓటరు ఆలోచనా మారుతుంది. గెలవడేమోనన్న అనుమానంతో ఇష్టమైన వాణ్ని వదిలేసి మరొకరికి ఓటు వేసినవారు ఈ లెక్కలో ఎందరున్నారో ఓట్ల పట్టిక చెప్పదు.

ప్రశ్న: వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో వాళ్లిచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతో 1, 2, 3 అని అంకెలు వేసి వచ్చాను. అది దామాషా ఎన్నికే అని మా సహోద్యోగి వాదిస్తున్నాడు. నిజమేనా?
(ప్రభుత్వ ఉద్యోగి, సూర్యాపేట)

జవాబు: చట్టం మాట ప్రకారం మీ సహోద్యోగి నెగ్గుతారు, లెక్క ప్రకారం మీరు నెగ్గుతారు. రాజ్యాంగం 171వ అధికరణం ఈ ఎన్నికలను ‘ఒకే బదిలీ ఓటు ద్వారా దామాషా ప్రాతినిధ్య పద్ధతి’లో జరపాలంటుంది. కానీ ఎన్నికయ్యేది ఒక్కరే అయినప్పుడు దామాషా అనే మాటకు చోటెక్కడిది? ఒక్క లడ్డూను ఓట్ల నిష్పత్తిలో పంచలేం. 2021లో అక్కడ 71 మంది పోటీ చేశారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ సగానికి మించి రాకపోవడంతో ఒక్కొక్కరినే తొలగిస్తూ, వారి ఓట్లను రెండో, మూడో ప్రాధాన్యం ప్రకారం పంచుతూ, నల్లగొండ ఆర్జాలబావి గోదాముల్లో రోజుల తరబడి లెక్కించారు. అది ఓడినవారి ఓటును వృథా పోనివ్వని పద్ధతే తప్ప, సీట్లను దామాషాలో పంచే పద్ధతి కాదు.

అదే ఓటు దామాషాగా పనిచేయాలంటే ఒకే నియోజకవర్గం నుంచి కొందరు ఎన్నిక కావాలి. ఐర్లాండ్ పార్లమెంటు ఎన్నికల్లో ఒక్కో నియోజకవర్గానికి ముగ్గురు నుంచి ఐదుగురు ఉంటారు. మన వైపు ఊహించుకుందాం: నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానాలను కలిపి నలుగురు ఎంపీల నియోజకవర్గం చేశారనుకోండి. చెల్లిన ఓట్లను ఐదుతో భాగించి ఒకటి కలిపితే వచ్చేది కోటా. అది అందుకున్నవారు గెలిచినట్టు. కోటాకు మించిన ఓట్లు ఆ బ్యాలెట్లపై తర్వాతి ప్రాధాన్యం పొందినవారికి బదిలీ అవుతాయి. అప్పుడు ఐదో వంతు ఓటర్లు ఒక మాట మీద నిలబడితే ఒక సీటును ఎవరూ ఆపలేరు. 2024లో ఈ నాలుగింటిలో మూడు కాంగ్రెస్‌కు, ఒకటి బీజేపీకి వచ్చాయి. ఒక్కటీ రాని మూడో పక్షం బీఆర్‌ఎస్‌కు అప్పుడు తలుపు ఎక్కడ తెరుచుకుంటుందో మీరే లెక్క వేసుకోవచ్చు.

మన దేశంలో ఈ ఓటు అచ్చంగా దామాషాగా పనిచేసేది రాజ్యసభ ఎన్నికల్లో. 80వ అధికరణం ప్రకారం అక్కడ ఓటర్లు శాసనసభ్యులే. తెలంగాణలో 119 మంది. లెక్క కోసం ఒక్కో ఓటును వందగా తీసుకుంటారు. మూడు స్థానాలకు ఎన్నికైతే 11,900ను నాలుగుతో భాగించి ఒకటి కలపాలి, కోటా 2,976. అంటే ముప్పై మంది ఎమ్మెల్యేలు. 2024 మొదట్లో సరిగ్గా మూడు ఖాళీలు వచ్చాయి. అప్పుడు సభలో కాంగ్రెస్‌కు 64, బీఆర్‌ఎస్‌కు 39. ఎక్కువ ఓట్లవారిదే గెలుపు అనే పద్ధతిలోనైతే మూడూ అధికార పక్షానికే పోయేవి. ఈ పద్ధతి వల్ల రెండు కాంగ్రెస్‌కు, ఒకటి బీఆర్‌ఎస్‌కు పోతాయని అందరికీ ముందే తెలుసు కనుక నాలుగో అభ్యర్థే లేకుండా ఎన్నిక ఏకగ్రీవమైంది. మన రాజ్యసభ సభ్యులు పోలింగు లేకుండా తరచూ ఏకగ్రీవంగా ఎన్నిక కావడంలో కొంత ఈ కోటా మహిమ.

ఇద్దరు ముగ్గురు సభ్యులున్న ప్రతి నియోజకవర్గమూ దామాషా కాదని చెప్పడానికి నల్లగొండే సాక్ష్యం. 1952లో అది ద్విసభ్య నియోజకవర్గం: ఒకటి సాధారణ స్థానం, ఒకటి ఎస్సీలకు రిజర్వు చేసినది. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయని మన పెద్దలు గర్వంగా చెప్పుకొనే ఎన్నిక అదే. రెండో స్థానంలో సుంకం అచ్చాలు గారు గెలిచారు. ఇద్దరిదీ పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంటే. రెండు ఓట్లూ చేతిలో ఉన్నప్పుడు ఒకే గాలి రెండు సీట్లనూ ఊడ్చుకుపోతుంది. దామాషాలో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ద్విసభ్య స్థానాలను 1961లో చట్టం చేసి రద్దు చేశారు.

ప్రశ్న: 1996లో ఫ్లోరైడు సమస్యను దేశానికి చూపించాలని నల్లగొండ లోక్‌సభకు మా జిల్లావాళ్లు వందల సంఖ్యలో నామినేషన్లు వేశారు. జాబితా పద్ధతిలో స్వతంత్రులకు చోటే ఉండదంటారు కదా, మరి అలాంటి నిరసన ఎట్లా సాధ్యం?
(రైతు, మర్రిగూడ)

జవాబు: ఆ ఎన్నికలో 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. వంకర తిరిగిన కాళ్లు, పసుపు పట్టిన పళ్లు ఢిల్లీకి కనిపించాలంటే అంతకంటే దారి లేదనుకున్న ఊళ్ల కథ అది. చివరికి సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గారు గెలిచారు. తర్వాత ప్రభుత్వం నీళ్ల సంగతి కంటే ముందు డిపాజిట్ సంగతి చూసుకుంది: లోక్‌సభ అభ్యర్థి కట్టాల్సిన 500 రూపాయలను ఆ ఏడాదే పది వేలకు పెంచారు.

మీ ప్రశ్నకు జవాబు దేశాన్ని బట్టి మారుతుంది. దక్షిణాఫ్రికాలో 1994 నుంచి పార్టీ జాబితాలకే ఓటు. పార్టీలో చేరితేనే చట్టసభకు నిలబడాలనడం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2020లో తేల్చింది. 2023లో చట్టం మార్చారు, 2024లో తొలిసారి స్వతంత్రులు పోటీ చేశారు. ఒక్కరూ గెలవలేదు. ఐర్లాండ్‌లో మాత్రం మనుషుల పేర్లకే ప్రాధాన్య ఓటు వేస్తారు కనుక ప్రతి సభలోనూ స్వతంత్రులు కనిపిస్తారు.

అయితే ఒకే సమస్య మీద నిలిచేవారికి జాబితా పద్ధతి ఇంకో దారి ఇస్తుంది. 480 మంది విడివిడిగా నిలబడే బదులు ఒక్క జాబితాగా నిలబడితే చాలు. నెదర్లాండ్స్‌లో జంతువుల సంక్షేమం కోసమే పుట్టిన పార్టీ 2006లో రెండు సీట్లతో పార్లమెంటులో అడుగుపెట్టింది. దాని ఓటర్లు ఏ ఒక్క ఊళ్లోనూ ఎక్కువ కాదు. దేశమంతా చెదిరి ఉన్నా లెక్కలోకి వచ్చారు. ఫ్లోరైడు బాధ మాత్రం చెదిరి ఉండేది కాదు, కొన్ని మండలాల్లో ముద్దగా ఉండేది. దేశం మొత్తాన్ని ఒకే నియోజకవర్గం చేస్తే మర్రిగూడ, నాంపల్లి ఓట్లు సముద్రంలో కలిసిపోయేవేమో కూడా. ఈ విషయంలో మేము దామాషా వైపు గట్టిగా మాట్లాడలేం.

ప్రశ్న: హుజూర్‌నగర్, నాగార్జునసాగర్, మునుగోడు. మా జిల్లా మూడేళ్లలో మూడు ఉప ఎన్నికలు చూసింది. జాబితాలో ఎన్నికైన సభ్యుడు చనిపోయినా, రాజీనామా చేసినా ఏం చేస్తారు?
(కిరాణా వ్యాపారి, చౌటుప్పల్)

జవాబు: జాబితాలో తర్వాతి పేరును పిలుస్తారు. అంతే. పోలింగు లేదు, కోడ్ లేదు, ఊరి నిండా బయటి బండ్లు లేవు. ఓటరు మనిషికి కాక జాబితాకు ఓటు వేశాడు కనుక, మనిషి పోయినా జాబితా వాటా చెక్కుచెదరదన్నది దాని తర్కం. (ఐర్లాండ్ మాత్రం ఉప ఎన్నికలు జరుపుతుంది.)

ఈ వెసులుబాటు ఎంత దూరం పోగలదో శ్రీలంక చూపించింది. అక్కడ 225 మందిలో 196 మంది జిల్లాల వారీగా దామాషాలో ఎన్నికవుతారు, 29 మంది దేశవ్యాప్త ఓట్ల లెక్కన ‘జాతీయ జాబితా’ నుంచి వస్తారు. 2020 ఎన్నికల్లో రణిల్ విక్రమసింఘే నాయకత్వంలోని యునైటెడ్ నేషనల్ పార్టీకి (యూఎన్‌పీకి) జిల్లాల్లో ఒక్క సీటూ రాలేదు, ఆయనా ఓడిపోయారు. దేశం మొత్తం ఓట్ల లెక్కలో పార్టీకి ఒక్కటంటే ఒక్క జాతీయ జాబితా సీటు దక్కింది. దాన్ని నెలల తరబడి ఖాళీగా ఉంచి, 2021 జూన్‌లో ఆయనే తీసుకున్నారు. 2022 మేలో ప్రధాని అయ్యారు, జూలైలో దేశాధ్యక్షుడయ్యారు. మన దగ్గరా ఓడినవారు రాజ్యసభ ద్వారా మంత్రులవుతారు కదా అని మీరు అనవచ్చు. నిజమే, కానీ ఒకే ఒక్క సీటున్న పార్టీ నాయకుడు పదమూడు నెలల్లో అంత ఎత్తుకు చేరడం ఎక్కడైనా అరుదు.

ప్రశ్న: దామాషాలో ఎన్నికైన సభ్యుడు పార్టీ మారితే సీటు ఎవరిది? పార్టీదా, మనిషిదా? మన పదో షెడ్యూలుతో పోల్చి చెప్పండి.
(న్యాయవాది, నాగర్‌కర్నూల్)

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న. తర్కం చూస్తే జవాబు సులభం: ఓటు పార్టీకి పడింది, సీటు పార్టీ వాటాగా వచ్చింది, కనుక పార్టీ వదిలినవాడు సీటూ వదలాలి. మన రాజ్యాంగంలోని పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, 1985లో ఇదే నియమాన్ని మనిషి పేరు మీద ఓటు పడే పద్ధతికి తగిలించింది. నియోజకవర్గం నన్ను గెలిపించిందా, నా గుర్తును గెలిపించిందా అనే తగవు మన దగ్గర అందుకే తెగదు. జాబితా దేశాల్లో ఆ తగవు ఉండకూడదు. కానీ ఉంది.

దక్షిణాఫ్రికా రాజ్యాంగం సూటిగా చెబుతుంది: నిన్ను నామినేట్ చేసిన పార్టీలో సభ్యత్వం పోతే నీ సీటూ పోతుంది. పార్టీ బహిష్కరించినా అంతే. అంటే 400 మంది సభ్యుల్లో ప్రతి ఒక్కరి మెడ మీదా పార్టీ కార్యాలయం చేయి ఉంటుంది. 2002లో అక్కడి పెద్ద పార్టీలు ఒక విచిత్రమైన కిటికీ తెరిచాయి: పదవీకాలంలో రెండుసార్లు, పదిహేను రోజుల పాటు, సీటు పోకుండా పార్టీ మారవచ్చు. కిటికీ తెరిచిన ప్రతిసారీ గాలి పెద్ద పార్టీ వైపే వీచింది, చిన్న పార్టీలు చిక్కిపోయాయి. జనం ఇచ్చిన దామాషా సభ లోపలే చెడిపోతోందన్న విమర్శ పెరిగి, 2009లో ఆ కిటికీని మూసేశారు.

నెదర్లాండ్స్ పూర్తిగా ఎదురు దారిలో నడుస్తుంది. జాబితాలోనే ఎన్నికైనా, ప్రమాణం చేసిన తర్వాత సభ్యుడు ఎవరి ఆదేశానికీ కట్టుబడడని అక్కడి రాజ్యాంగం అంటుంది. పార్టీతో తెగతెంపులు చేసుకున్నవారు సీటు తమ దగ్గరే ఉంచుకొని వేరే బృందంగా కూర్చుంటారు. వారిలో చాలామంది కొద్దిపాటి సొంత ఓట్లతో, పార్టీ బలం మీద వచ్చినవారే. డచ్చి పత్రికలు దీనికి ‘సీటు దోపిడీ’ అనే అర్థం వచ్చే మాట వాడతాయి. తిట్టు ఉంది కానీ శిక్ష లేదు.

న్యూజిలాండ్‌ది మధ్యే మార్గం. పార్టీ నాయకుడు ఒక్కడే వేటు వేయలేడు. సభలోని ఆ పార్టీ సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకొని, ఈ సభ్యుడి వల్ల జనం ఇచ్చిన దామాషా చెడిపోతోందని స్పీకరుకు రాయాలి. 2018లో వచ్చిన ఈ చట్టాన్ని గ్రీన్ పార్టీ 2024లో వాడింది. స్పీకర్ సీటు ఖాళీ అయిందని ప్రకటించారు, జాబితాలో తర్వాతి వ్యక్తి వచ్చి కూర్చున్నారు. ఫిరాయింపు పిటిషన్లు స్పీకర్ల బల్లల మీద నెలలు, ఏళ్లు నానడం చూసిన మనకు ఆ వేగం ఆశ్చర్యంగా ఉంటుంది. అక్కడ స్పీకరుకు తూచవలసిన వివాదం పెద్దగా మిగలకుండా చట్టం రాశారన్నది అందులో కిటుకు.

జర్మనీలో కొత్త చిక్కు వచ్చింది. అక్కడ ఓటరుకు రెండు ఓట్లు: ఒకటి తన నియోజకవర్గ అభ్యర్థికి, ఒకటి పార్టీ జాబితాకు. 2023 సంస్కరణ తర్వాత పార్టీ ఓట్ల వాటాకు మించి నియోజకవర్గాలు గెలిస్తే, ఆ మిగులు విజేతలకు సీటు ఇవ్వరు. 2025లో 23 మంది తమ నియోజకవర్గంలో మొదటి స్థానంలో నిలిచి కూడా పార్లమెంటుకు వెళ్లలేదు. దామాషా నిక్కచ్చిగా ఉండాలంటే ఇది సమంజసమే. కానీ గెలిచానని డప్పు కొట్టించుకున్న మనిషికి, కొట్టిన ఊరికి ఇది నచ్చజెప్పడం ఎవరి తరం? మీరడిగిన ‘పార్టీదా, మనిషిదా’ అన్నదానికి తోడు ‘ఊరిదా’ అనే మూడో హక్కుదారు అక్కడ గడప దగ్గర నిలబడ్డాడు.

మా మాట అడిగితే, దక్షిణాఫ్రికా, నెదర్లాండ్స్, న్యూజిలాండ్ పద్ధతులు మూడింటిలో న్యూజిలాండ్‌ది మేలు. వేటు అధికారం ఒక్కరి చేతిలో ఉంటే జాబితా ఎంపీ నోరు విప్పడు, అసలు ఎవరి చేతిలోనూ లేకపోతే ఓటరు ఇచ్చిన లెక్కకు విలువ ఉండదు.

ప్రశ్న: జాబితా పద్ధతి ఆడవాళ్లకు, దళితులకు మేలు చేస్తుందని ఒక సమావేశంలో విన్నాను. ఎట్లా?
(మహిళా సంఘం అధ్యక్షురాలు, కల్వకుర్తి)

జవాబు: జాబితా కళ్ల ముందు ఉంటుంది కనుక. ఒక్కో నియోజకవర్గంలో ఒక్కరినే నిలబెట్టేటప్పుడు ‘ఇక్కడ ఆడమనిషి గెలవదు’ అని పార్టీ ప్రతిచోటా తప్పించుకోగలదు. వరుసగా వంద పేర్లు రాయాల్సి వచ్చినప్పుడు అందులో ఎవరు లేరో చిన్నపిల్లలకూ తెలుస్తుంది, చట్టమూ లెక్క అడగగలదు. నేపాల్ ప్రతినిధుల సభలో 275 స్థానాలు; 165 మన పద్ధతిలో, 110 జాబితా పద్ధతిలో. దళితులు, ఆదివాసీ జనజాతులు, మధేసీలు, థారూలు, ముస్లింలు తదితరులను జనాభా ప్రకారం జాబితాల్లో చేర్చాలి. ప్రతి పార్టీ పార్లమెంటు సభ్యుల్లో కనీసం మూడో వంతు మహిళలు ఉండాలి. 2022 ఎన్నికల్లో 165 నియోజకవర్గాల్లో గెలిచిన మహిళలు తొమ్మిది మందే. మిగతావారంతా జాబితా నుంచి వచ్చి మొత్తం 91 అయ్యారు.

ఆ తొమ్మిది అనే అంకెను మరోసారి చూడండి. మూడో వంతు నిబంధనను జాబితా తీరుస్తుంది కదా అని పార్టీలు నియోజకవర్గాల టికెట్లను మగవాళ్లకే పంచేశాయి. పైగా అక్కడ జాబితా మూసి ఉంటుంది. ఓటరు పార్టీకి ఓటు వేయగలడు కానీ పేర్లను మార్చలేడు. ఎవరి పేరు పైన, ఎవరిది కింద అన్నది నాయకుల గదిలో తేలుతుంది. శ్రీలంకలో ఓటరు పార్టీ గుర్తుతో పాటు ఆ పార్టీ అభ్యర్థుల్లో ముగ్గురికి ఇష్టపు ఓటు వేయవచ్చు. దానివల్ల ఒకే పార్టీవాళ్లు ఒకరి మీద ఒకరు పోటీకి దిగి, ఖర్చు భరించగలిగినవారే పైకి వస్తారనే ఫిర్యాదు అక్కడ ఉంది. మీ సంఘంలో తీర్మానాలు ఎట్లా రాస్తారో మీకు తెలుసు కదా, పుస్తకం ఎవరి చేతిలో ఉందన్నది చిన్న విషయం కాదు.

ప్రశ్న: ఇన్ని తెలిసి మన రాజ్యాంగ కర్తలు లోక్‌సభకు దీన్ని ఎందుకు వద్దన్నారు?
(పోటీ పరీక్షల అభ్యర్థి, వనపర్తి)

జవాబు: రాజ్యాంగ సభ సభ్యులు 1946లో రాష్ట్రాల శాసనసభల నుంచి ఎన్నికైంది ఈ బదిలీ ఓటుతోనే, కనుక తెలియక కాదు. 1949 జనవరిలో లోక్‌సభకు దామాషా కావాలని కాజీ సయ్యద్ కరీముద్దీన్ ప్రతిపాదించగా, అంబేడ్కర్ రెండు కారణాలతో తోసిపుచ్చారు: అక్షరాస్యత అంత తక్కువగా ఉన్న దేశంలో ఆ ఓటు కష్టం, సభ ముక్కలై ప్రభుత్వం నిలకడగా ఉండదు. మొదటి కారణానికి ఇప్పుడు బలం తగ్గింది. రెండోదానికి తగ్గలేదు: నెదర్లాండ్స్‌లో 2023 నవంబరులో ఓట్లు పడితే, 150లో 37 సీట్లతో మొదట నిలిచిన పార్టీతో కలిపి నాలుగు పార్టీల ప్రభుత్వం ఏర్పడేసరికి 2024 జూలై వచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో అది కూలింది. జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి నేతృత్వంలోని లా కమిషన్ 1999లో ఇచ్చిన 170వ నివేదిక, ఇప్పుడున్న లోక్‌సభ స్థానాలను అట్లాగే ఉంచి, అదనంగా సుమారు నాలుగో వంతు సీట్లను జాబితా పద్ధతిలో నింపాలని సూచించింది. పరీక్షలో అడిగితే ఆ నివేదిక సంఖ్య గుర్తుంచుకోండి. ఆచరణలోకి అది రాలేదు.

ప్రశ్న: చిన్న సందేహం. ఆ దేశాల్లో మహిళా ఎంపీ కాన్పుకు పోతే ఆమె సీటు సంగతి ఏమిటి?
(ఏఎన్ఎం, గద్వాల)

జవాబు: చిన్నది కాదు. నెదర్లాండ్స్ 2005లో దీనికోసం రాజ్యాంగాన్నే సవరించింది. గర్భం, కాన్పు, అనారోగ్యం కారణంగా సెలవు పెట్టిన సభ్యురాలి స్థానంలో జాబితాలోని తర్వాతి వ్యక్తి పదహారు వారాలు ఎంపీగా కూర్చుంటారు, ప్రసంగిస్తారు, ఓటు వేస్తారు. గడువు తీరగానే దిగిపోతారు, ఆమె తిరిగి వస్తారు. లోక్‌సభలో అలాంటి ప్రత్యామ్నాయం లేదు. మన 101వ అధికరణం ప్రకారం సభ అనుమతి లేకుండా అరవై రోజులు రాకపోతే ఆ సీటు ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చు కనుక ముందుగా అనుమతి తీసుకోవాలి. అనుమతి దొరికినా, ఆమె తిరిగి వచ్చేదాకా ఆ నియోజకవర్గం తరఫున సభలో ఓటు వేసేవారు ఉండరు.